కుక్కది విశ్వాసం కాదు, ఆకలేనన్న వాదనకు సమాధానం

కొన్ని నెలలుగా ఒక సందేశం ఫోన్ల నుంచి ఫోన్లకు తిరుగుతోంది. కుక్కకు నిజంగా ఎంచుకునే స్వేచ్ఛ ఉంటే అది తన యజమానిని ఎంచుకోదని, ఎవరి చేతిలో ముక్క కనబడితే వారి వెంట పోతుందని, మనం విశ్వాసమని మురిసిపోయేది దాని ఆకలి మాత్రమేనని దాని సారాంశం. అందుకు ఐదు కారణాలు చూపారు: కుక్క తిండి పెట్టినవారినే అంటిపెట్టుకుని ఉంటుంది, లోకమంతా పొగిడిన జపాన్ కుక్క హచికో కూడా రైల్వే స్టేషన్ దగ్గర దొరికే మాంసం కోసమే వచ్చేది, ఇంటికి కొత్తవారు వస్తే యజమాని కళ్లముందే వారి ఒళ్లో వాలిపోతుంది, గేటు తీస్తే పారిపోతుంది, ఇంకొకరికి ఇచ్చేస్తే వారంలో పాతవారిని మరిచిపోతుంది. మా ఇంట్లో ఒక కుక్క పద్నాలుగేళ్లు బతికి వెళ్లిపోయింది కనుక ఈ మాటలు చదివినప్పుడు నాకు బాధ కలిగింది. అయితే నా బాధ సమాధానం కాదు కాబట్టి, ఆ కారణాలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తాను.

మొదట తిండి సంగతి. కుక్కకు తిండి ముఖ్యం కాదని ఎవరూ అనరు. తిండి వెంటవెంటనే దొరుకుతున్నంతసేపు చాలా కుక్కలు నిమరడం కన్నా తిండివైపే మొగ్గుతాయని అమెరికాలో ఎరికా ఫోయర్‌బాకర్, క్లైవ్ విన్ అనే ఇద్దరు పరిశోధకులు 2014లో చూపారు, దానిని కాదనవలసిన పని లేదు. కానీ ఆకలి ఉన్నంత మాత్రాన ప్రేమ లేదని ఎలా తేలుతుంది? అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బర్న్స్ బృందం, స్కానింగ్ యంత్రంలో కదలకుండా పడుకోవడం నేర్పిన 15 కుక్కలకు ఒక బొమ్మ చూపితే తిండి, ఇంకో బొమ్మ చూపితే యజమాని మెచ్చుకోలు దొరుకుతుందని అలవాటు చేసి, ఆయా బొమ్మలను చూసినప్పుడు వాటి మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం ఎంత స్పందిస్తుందో కొలిచింది. 2016లో వెలువడిన ఆ ఫలితాల్లో 13 కుక్కలకు మెచ్చుకోలు తిండితో సమానంగానో, అంతకన్నా ఎక్కువగానో ఇష్టమని తేలింది, తిండివైపు స్పష్టంగా మొగ్గినవి రెండే. తరువాత వాటిని రెండుగా చీలే దారి మొదట్లో వదిలి, ఒక వైపు తిండి గిన్నె, మరో వైపు వీపు తిప్పి కూర్చున్న యజమాని ఉండేలా చేస్తే, మెచ్చుకోలుకు ఎక్కువ స్పందించిన కుక్కలు ఎక్కువసార్లు యజమాని దగ్గరికే నడిచాయి. సందేశం రాసినవారు ఊహించి చెప్పిన పరీక్షను అక్కడ నిజంగానే పెట్టారు, జవాబు వారు చెప్పినట్టు రాలేదు.

పైగా ఎంచుకునే స్వేచ్ఛ ఉన్న కుక్కలను చూడటానికి అట్లాంటా దాకా వెళ్లనక్కరలేదు, మన వీధికుక్కలకు ఆ స్వేచ్ఛ రోజూ ఉంటుంది. మా వీధిలో ఎడమ చెవి మీద గోధుమరంగు మచ్చ ఉన్న ఒక తెల్ల కుక్కకు పొద్దున మలుపులోని టిఫిన్ బండి దగ్గర విరిగిన ఇడ్లీలు దొరుకుతాయి, మధ్యాహ్నం రెండిళ్లవారు పెరుగన్నం పెడతారు, కానీ రాత్రి అది పడుకునేది మాత్రం బట్టలు కుట్టే పెద్దాయన దుకాణం మెట్టు మీద. ఆయన దానికి తిండి పెట్టగా నేను ఒక్కసారి కూడా చూడలేదు. షట్టరు దించే ముందు ఆయన వంగి దాని మెడ కింద కాసేపు గోకుతారు, అది కళ్లు మూసుకుని గడ్డం ఆయన మోకాలికి ఆనిస్తుంది. ఆయనకు జ్వరం వచ్చి నాలుగు రోజులు దుకాణం తెరవనప్పుడు అది బండి దగ్గర తిని వచ్చి, మూసి ఉన్న షట్టరు ముందే కూర్చునేది. ఒక్క కుక్క కథ రుజువు కాదని నాకు తెలుసు. అయితే కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన పరిశోధన సంస్థలో అనిందిత భద్ర బృందం బెంగాల్ వీధికుక్కల మీద చేసి 2017లో ప్రచురించిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది: ముక్కూమొహం తెలియని మనిషి పదేపదే వచ్చి అదనంగా తిండి పెట్టిన కుక్కల కన్నా, తల నిమిరిన కుక్కలే ఆ మనిషిని ఎక్కువగా నమ్మాయి.

హచికో విషయంలో ఆ సందేశం చేసింది అన్యాయమే. దాన్ని పెంచిన ప్రొఫెసర్ ఉయెనో 1925 మే 21న హఠాత్తుగా మరణించారు, అది 1935 మార్చి 8న చనిపోయేవరకు, ఆయన రైలు దిగి వస్తారని ఎదురుచూస్తున్నట్టుగా, టోక్యోలోని షిబుయా స్టేషన్‌కు వస్తూనే ఉంది. చనిపోయిన తరువాత దాని కడుపులో మాంసం గుచ్చి కాల్చే పుల్లలు దొరికిన మాట నిజమే, తిండి కోసమే వచ్చిందనేవారు దాన్నే చూపుతారు. కానీ ఆ కుక్క గురించి పత్రికలో వచ్చి జనం దాన్ని ముద్దు చేయడం మొదలుపెట్టింది 1932లో, అంతకుముందు ఏడేళ్లు అక్కడ దానికి దొరికినవి ఎక్కువగా అదిలింపులూ దెబ్బలే. ప్రొఫెసర్ ఇంటి తోటమాలి దానిని తన ఇంట్లో ఉంచుకుని కడుపునిండా పెట్టేవారు. ఇంట్లో తిండి ఉండగా, తన్ని తరిమే చోటికి అన్నేళ్లు వెళ్లిన జంతువుది ఆకలి అని ఎలా అంటారు?

కొత్తవారి ఒళ్లో వాలిపోతుందన్న మూడో కారణానికి మాత్రం ఆధారం ఉంది, సందేశం సగం దాచినది కూడా దీని విషయంలోనే. తిండి సంగతిలో పైన చెప్పిన ఫోయర్‌బాకర్, విన్ ఇద్దరే 2017లో మరో ప్రయోగం ప్రచురించారు. యజమాని ఒక కుర్చీలో, కొత్త మనిషి ఇంకో కుర్చీలో కూర్చుని, దగ్గరికి వస్తే ఇద్దరూ ఒకేలా నిమురుతూ ఉంటే, పది నిమిషాలలో కుక్క ఎవరి దగ్గర ఎంతసేపు ఉంటుందో లెక్కించారు. అలవాటైన చోట కుక్కలు సుమారు 70 శాతం సమయం కొత్త మనిషి దగ్గరే గడిపాయి. సందేశం ఇక్కడితో ఆపేసింది. అదే పరీక్షను కుక్కకు తెలియని చోట పెట్టినప్పుడు అవి దాదాపు 80 శాతం సమయం యజమానినే అంటిపెట్టుకున్నాయి. ఇంట్లో భయం లేదు, యజమాని ఎక్కడికీ పోడన్న నమ్మకం ఉంది, అందుకే కొత్తవారిని తీరిగ్గా వాసన చూసి పలకరిస్తుంది. అమ్మ పక్కన ఉందన్న ధైర్యంతోనే పిల్లవాడు చుట్టాల ఒళ్లోకి వెళతాడు, దాన్ని చూసి వాడికి అమ్మ అక్కరలేదని ఎవరైనా అంటారా? 1998లో బుడాపెస్ట్‌లో యోజెఫ్ తోపాల్, ఆడమ్ మిక్లోషి బృందం సరిగ్గా పసిపిల్లలకు పెట్టే పరీక్షనే 51 కుక్కలకు పెట్టింది. యజమాని గదిలో ఉన్నప్పుడు అవి ధైర్యంగా తిరిగి ఆడుకున్నాయి, కొత్త మనిషితో వదిలి యజమాని బయటికి వెళ్లినప్పుడు తలుపు దగ్గరే నిలబడ్డాయి. మా కుక్క ఇంటికి వచ్చిన ప్రతివారి కాళ్లకూ చుట్టుకునేది. పశువైద్యుడి బల్ల ఎక్కించినప్పుడు మాత్రం, ఆ వైద్యుడు ఎంత బుజ్జగించినా, ముక్కు నా చంకలోకి దూర్చి సూది వేసేదాకా బయటికి తీసేది కాదు. కుక్క ఎవరిని ఎంచుకుంటుందో తెలుసుకోవాలంటే దానికి భయం వేసినప్పుడు చూడాలి.

గేటు తీస్తే పరుగెత్తడం గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. కుక్కకు వాసనే లోకం, పగలంతా గొలుసుకు కట్టేసిన కుక్కకు ఆ నాలుగు అడుగుల మేర తప్ప లోకమే లేదు. అది పారిపోతోంది గొలుసు నుంచి. అలా కట్టేసి, ఒక్క మాటైనా మాట్లాడకుండా పెంచే యజమానిని స్వేచ్ఛ ఉంటే ఆ కుక్క ఎంచుకోకపోవచ్చునని నేనూ ఒప్పుకుంటాను, అయితే ఆ లోపాన్ని మొత్తం కుక్కజాతి స్వభావంగా చూపడం తగదు.

ఇక మరిచిపోవడం. ఆశ్రయకేంద్రాల్లోని కుక్కలను ఒక మనిషి మూడుసార్లు, పదేసి నిమిషాలు పలకరిస్తే చాలు, అవి ఆ మనిషితో అనుబంధం పెంచుకున్నట్టు కనిపించిందని బుడాపెస్ట్ పరిశోధకులే 2001లో తెలిపారు. అంటే కుక్క కొత్తవారికి త్వరగా దగ్గరవుతుందన్నది నిజం, కానీ కొత్తవారికి దగ్గరైతే పాతవారు చెరిగిపోతారని దాని అర్థం కాదు. చార్లెస్ డార్విన్‌కు కొత్తవారెవరినీ దగ్గరికి రానివ్వని ఒక మొండి కుక్క ఉండేది. దాని జ్ఞాపకాన్ని పరీక్షించాలని, ఐదేళ్ల రెండు రోజుల ఎడబాటు తరువాత అది ఉండే గుర్రపుశాల దగ్గరికి వెళ్లి పాత పద్ధతిలోనే కేకవేశానని ఆయన 1871లో రాశారు. అది ఎగిరి గంతులేయలేదు, సంతోషమేమీ చూపలేదు. వెంటనే లేచి వచ్చి, అరగంట కిందటే విడిపోయినట్టుగా, చెప్పిన మాట వింటూ ఆయన వెంట నడిచింది.