లోతుకు పోతే కొత్త నీళ్లు పుట్టవు

"నీళ్లకు లెక్క కట్టడమంటే రైతు ఎదుగుదలకు కళ్లెం వేయడమే" అంటూ ఒక మెసేజ్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది. బోర్లెండిన ఊళ్లవాళ్లే ముందుకు పంపుతున్నారు, బాధ అదే. అందులో ఐదు మాటలున్నాయి.

మొదటిది: "భూమిలో నీళ్లకు అంతులేదు, లోతుకు పోవాలే గానీ దొరుకుతాయి." కొంపలు ముంచుతున్నది ఈ మాటే. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల కింద ఉన్నది గ్రానైటు. నీళ్లు పట్టుకునేది పైనున్న 10, 20 మీటర్ల చివికిన రాయి పొర. దాని కింద పగుళ్లలోనే నీరు. లోతుకు పోయేకొద్దీ ఆ పగుళ్లు తగ్గుతాయి, సన్నబడతాయి. 800 అడుగుల్లో రెండించుల నీళ్లు పడ్డాయంటే చాలాసార్లు అవి పై పొరలోంచి దిగినవే, పక్క చేనులోని 200 అడుగుల బోరుకు అందాల్సినవే. ఊళ్లో నీళ్లు పెరగలేదు, చేయి మారాయి.

లెక్క చూడండి. 600 మిల్లీమీటర్ల వాన పడితే ఈ రాతి నేలలో ఇంకేది సుమారు పదో వంతు, 60 మిల్లీమీటర్లు. వెయ్యెకరాల ఊరికి ఆ నీళ్లన్నీ తోడినా, పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్లు తాగే యాసంగి వరి 50 ఎకరాలకు వస్తుంది. 500తో సరిపెట్టుకునే వేరుశనగైతే 120 ఎకరాలు. మడిలోంచి కొంత నీరు మళ్లీ ఇంకుతుంది, నిజమే. అది కలిపినా 50 కాస్తా 70, 80 అవుతుంది, 300 కాదు. పైగా ఇందులో తాగునీళ్లు ఇంకా తీయలేదు. 300 ఎకరాల్లో నాటు వేస్తే మిగతాది పాత ఏళ్ల నిల్వలోంచే రావాలి. అది అయిపోయిన ఏడాది పొట్టమీదున్న వరి ఎండుతుంది.

రెండోది: "ఏటా పెరగకపోతే ఊరు చస్తుంది." దేన్ని పెరుగుదల అంటున్నారు? మూడు బోర్లు వేసి మూడూ ఫెయిలైనా రిగ్గు కిరాయి, డీజిలు, కేసింగు పైపులు దేశ ఆదాయంలో చేరతాయి. దిగిపోయిన నీటిమట్టం మాత్రం అందులోంచి తీసివేయరు. మహారాష్ట్రలోని హివ్రే బజార్‌లో వాన మనకన్నా తక్కువ. అక్కడ సాగుకు బోర్లు వద్దనుకున్నారు, చెరకు మానేశారు, ఏటా వాన కొలిచి గ్రామసభలో పంటలు తేల్చుకుంటారు. ఆ ఊరు చావలేదు, వలసపోయినవాళ్లు తిరిగొచ్చారు. మన దగ్గరా అనంతపురం, మహబూబ్‌నగర్, నల్గొండతో కలిపి 7 జిల్లాల్లో 2000ల దశకంలో రైతులే బావుల్లోకి టేపు దించి 15 రోజులకోసారి మట్టం రాసుకున్నారు.

మీ బోరు ఎన్ని నీళ్లిస్తుందో కొలవడానికి ఇంజనీరు అక్కర్లేదు. 200 లీటర్ల డ్రమ్ము పైపు కింద పెట్టి, మోటారు ఓ పావుగంట నడిచాక సెకన్లు లెక్కపెట్టండి. ఆన్ చేసిన వెంటనే కొలిస్తే బోరులో నిలిచిన నీరు వచ్చి లెక్క తప్పుతుంది. 80 సెకన్లలో నిండితే గంటకు 9,000 లీటర్లు, 9 గంటల కరెంటుకు 81,000. వరికి రోజుకు 10 మిల్లీమీటర్లనుకుంటే ఎకరాకు 40,000 లీటర్లు. అంటే రెండెకరాలు. 160 సెకన్లు పడితే ఎకరమే. ఎండలు ముదిరితే ఇదీ తగ్గుతుంది కాబట్టి ఆశ ఇంకాస్త తగ్గించుకోవాలి.

మూడోది, డ్రిప్పు పెడితే నీళ్లు మిగులుతాయనడం. డ్రిప్పు మంచిదే. కానీ మిగిలిన నీళ్లతో ఇంకో రెండెకరాలు వేస్తే మోటారు నడిచే గంటలు అవే.

నాలుగోది, సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసుకోవచ్చనడం. ఘనమీటరుకు సుమారు 3 యూనిట్ల కరెంటు, ఎకరా వరికి 4,800 ఘనమీటర్ల నీళ్లు, అంటే 14,400 యూనిట్లు. దీని మీద ఇంకో మాట అనవసరం.

ఐదోది: "వరి మానమనేది కడుపు నిండినవాళ్ల మాట." ఇది ఒప్పుకోవాల్సిందే. వడ్లకు ఊళ్లోనే కొనుగోలు కేంద్రం ఉంటుంది. జొన్నకు, కందికి మద్దతు ధర కాగితం మీదుంటే చాలదు, కొనేవాళ్లుండాలి. వేరుశనగ వేస్తే కోతుల నుంచి, అడవిపందుల నుంచి రాత్రీపగలూ కాపలా కాయాలి. ఆ నష్టమంతా రైతు నెత్తినేసి నీళ్లు మిగల్చమంటే ఎవరూ వినరు, వినాల్సిన పనీ లేదు. అక్టోబరులో నీటిమట్టం కొలిచిన వారంలోనే, రైతు విత్తనం కొనకముందే, ఏ ఆరుతడి పంట ఎన్ని క్వింటాళ్లు ఏ ధరకు కొంటారో ఊళ్లో రాసి అంటించాలి.