"ఎలుకలే కదా" అని నా దగ్గర అనకండి

నిన్న మధ్యాహ్నం నుంచి నాకు ఒళ్ళు మండిపోతోంది. రాత్రి అన్నం కూడా సహించలేదు. రాస్తే తప్ప చల్లారేలా లేదు కాబట్టి రాస్తున్నాను. పొడవుగా ఉంటుంది, ఓపిక చేసుకుని చదవండి.

ఎంఫార్మసీ థీసిస్ వైవాకి, అంటే మౌఖిక పరీక్షకు, పరీక్షకురాలిగా ఒక కళాశాలకు వెళ్ళాను. కళాశాల పేరు రాయను, ఆ పేరు తీసేసి ఇంకో పది పేర్లు పెట్టినా జరిగింది మారదు. విద్యార్థి నెమ్మదస్తుడు. ఒక ఆకు రసం మధుమేహాన్ని తగ్గిస్తుందా అన్నది అతని అంశం. మొత్తం 36 తెల్ల ఎలుకలు, గుంపుకు ఆరు చొప్పున ఆరు గుంపులు. స్ట్రెప్టోజోటోసిన్ అనే మందును పొట్టలోకి సూదితో ఎక్కిస్తారు. అది క్లోమంలో ఇన్సులిన్ తయారు చేసే కణాలను చంపేస్తుంది. మూడు రోజుల్లో ఎలుకకు మధుమేహం వచ్చేస్తుంది. ఆ తర్వాత ఆకు రసం తాగించి, రక్తంలో చక్కెర ఎంత తగ్గిందో చూస్తారు. మా రంగంలో ఉన్నవాళ్ళకు ఇది కొట్టిన పిండి.

గుంపుకు ఆరే ఎందుకు తీసుకున్నావని అడిగాను. "మా సీనియర్ థీసిస్‌లో ఆరే ఉన్నాయి మేడమ్" అన్నాడు. సరే, ఈ జవాబు నాకు కొత్త కాదు. తర్వాత అడిగింది చాలా చిన్న ప్రశ్న. బోనులో ఎలుకల కింద పరిచే ఊక ఎన్నాళ్ళకు ఒకసారి మార్చారు?

అతను తలవంచుకున్నాడు. కాసేపటికి, "నాలుగైదు రోజులకు మేడమ్. పండుగ సెలవులకు అటెండరు ఊరికి వెళ్ళాడు" అన్నాడు.

ఈ జవాబుకు నాకు ఎందుకు కడుపులో తిప్పిందో చెబుతాను. మామూలు ఎలుక రోజుకు పాతిక, ముప్పై మిల్లీలీటర్ల నీళ్ళు తాగుతుంది. మధుమేహం తెప్పించిన ఎలుక వంద దాటిస్తుంది. తాగినదంతా మూత్రమై ఊకలోకే పోతుంది. పొద్దున మార్చిన ఊక సాయంత్రానికి ముద్ద అవుతుంది. మర్నాటికి ఆ బోను దగ్గర మన కళ్ళే మండుతాయి. ఆ ఎలుక ముక్కు ఊకకు అంగుళం దూరంలో ఉంటుంది. దాని పాదాలు, పొట్ట ఆ తడిలోనే నానుతాయి. నాలుగైదు రోజులు! దానికి ఆ జబ్బు తెప్పించింది మనం. కనీసం పొడి చోటు కూడా ఇవ్వలేకపోయాం, అటెండరు పండుగకు వెళ్ళాడట.

ఇంతలో నాతో వచ్చిన రెండో పరీక్షకుడు నవ్వుతూ, "ఎలుకలే కదండీ, మీరు మరీను. మార్కులు వేసేయండి, భోజనం చల్లారిపోతోంది" అన్నారు.

ఎలుకలే కదా!

ఇరవై ఏళ్ళకు పైగా ఈ జీవులను చేత్తో పట్టుకున్నదాన్ని నేను. తెల్ల ఎలుకను అరచేతిలోకి తీసుకుంటే మొదట తెలిసేది దాని గుండె. నిమిషానికి మూడు వందల సార్లకు పైగా కొట్టుకుంటుంది, కొట్టుకుంటున్నట్టు కాదు, వణుకుతున్నట్టు ఉంటుంది. రోజూ పట్టుకునే చెయ్యి అయితే వారానికల్లా అలవాటు పడుతుంది, బొటనవేలి వాసన చూసి స్థిమితపడుతుంది. మొరటుగా పట్టుకునే చెయ్యి బోనులోకి వస్తే మూలకు పోయి ఒకదాని కింద ఒకటి దూరతాయి. అవి మనుషులను గుర్తుపడతాయి. మనమేమో వాటిని పిక్రిక్ ఆమ్లంతో పెట్టిన పసుపు మచ్చలతో గుర్తుపడతాం. తల మీద మచ్చ ఉంటే ఒకటో నంబరు, వీపు మీద ఉంటే రెండో నంబరు, తోక మొదట్లో ఉంటే మూడో నంబరు.

ఇంకో మాట కూడా నిన్న మళ్ళీ విన్నాను. చివరి రోజున ఎలుకలను చంపడాన్ని మా వాళ్ళు "శాక్రిఫైస్ చేశాం" అంటారు. థీసిస్‌లోనూ అదే రాస్తారు. అంటే బలి ఇచ్చామని. ఎవరికి ఇచ్చారు? ఏ ఊరి జాతరలోనో మేకపోతును కొడితే అనాగరికమని మొహం చిట్లించే చదువుకున్నవాళ్ళే, తమ పట్టా కోసం 36 ప్రాణాలు తీసి బలి అని గౌరవంగా రాసుకుంటారు. ఆ జాతరలో మేకకు ముందు రోజంతా మేత పెడతారు, పసుపు రాస్తారు, ఊరంతా దాని మొహం చూస్తుంది. నేను జాతర బలిని సమర్థించడం లేదు. కానీ అక్కడ చంపేవాడు చంపుతున్నానని ఒప్పుకుంటాడు.

ఇంతవరకు చదివి, జంతువుల మీద ప్రయోగాలన్నీ ఆపేయాలంటున్నావా అని అడిగేవాళ్ళు ఉంటారు. ఆ మాట నా నోట రాదు. మా అమ్మమ్మకు ఎడమ కాలు బోదకాలు. గోదావరి జిల్లాల్లో పుట్టినవాళ్ళకు ఆ కాలు ఎలా ఉంటుందో నేను వర్ణించి చెప్పాల్సిన పని లేదు. బోదకాలు రాకుండా ఇప్పుడు ఇంటింటికీ వచ్చి పంచే డీఈసీ మాత్ర ఎక్కడి నుంచి వచ్చింది? మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ అనే మందుల సంస్థలో పరిశోధనకు నాయకత్వం వహిస్తున్నప్పుడు, 1947లో హెట్రజాన్ పేరుతో బయటికి వచ్చిన మందు అది. బోదకాలు పురుగుల జాతికి చెందిన ఫైలేరియా పురుగులు సోకిన, పత్తి ఎలుకలు అనే ఒక రకం ఎలుకల మీద ఒక్కొక్క రసాయనాన్నీ పరీక్షిస్తూ పోయి దాన్ని పట్టుకున్నారు. ఆ ఎలుకలు లేకపోతే ఆ మాత్ర లేదు.

మా నాన్నను పొలం గట్టు మీద రక్తపింజర కరిచింది. సాయంత్రానికి చిగుళ్ళ నుంచి రక్తం. బతికించింది పాము విషానికి విరుగుడు మందు. ఆ మందును గుర్రాల రక్తం నుంచి తీస్తారు. కొంచెం కొంచెంగా విషం ఎక్కించి, వాటి ఒంట్లో విరుగుడు పుట్టాక రక్తం తీస్తారు. నాన్న బతికి ఉన్నంతకాలం గుర్రపు బండి ఎదురైతే ఆగి గుర్రం మెడ నిమిరేవారు. ఆ నిమరడం నాకు చాలా పెద్ద విషయంగా కనిపిస్తుంది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్లు పొడిపించుకున్న తరం మాది. ఆ టీకాను గొర్రె మెదడు నుంచి తయారు చేసేవారు, మన దేశంలో 2004 దాకా అదే నడిచింది. ఇంత రుణం ఉన్నదాన్ని, మొత్తం ఆపేయండి అని ఎలా అంటాను?

అందుకే నా కోపం ఇంకా ఎక్కువ. పత్తి ఎలుక చనిపోతే బోదకాలుకు మాత్ర వచ్చింది. నిన్నటి 36 ఎలుకలు చనిపోతే ఏమి వచ్చింది? బీరువాలో ఇంకో నల్ల అట్ట థీసిస్. నేరేడు గింజ, కాకరకాయ, మెంతులు, పొడపత్రి, తిప్పతీగ, మళ్ళీ నేరేడు గింజ. అదే మందు, అదే ఆరు గుంపులు, అదే ఫలితం: "చక్కెర గణనీయంగా తగ్గింది." ఎన్నేళ్ళుగా ఎన్ని కళాశాలల్లో ఎన్ని ఎలుకలకు ఈ ఒక్క వాక్యం కోసం జబ్బు తెప్పించారు! నిజంగా తగ్గితే ఆ ఆకును పట్టుకుని తర్వాతి మెట్టు ఎక్కినవాళ్ళు ఎవరు? ఎవరూ ఎక్కరు, ఎక్కాలన్న ఉద్దేశమే లేదు. పట్టా వచ్చాక ఆకూ అక్కర్లేదు, ఎలుకా అక్కర్లేదు.

దీన్ని అడ్డుకునే చట్టం మనకు లేదనుకోకండి. 1960 నుంచీ ఉంది. నాట్యకళాకారిణి రుక్మిణీదేవి అరండేల్ రాజ్యసభలో బిల్లు పెట్టి, నెహ్రూ హామీతో వెనక్కి తీసుకున్నాక, ప్రభుత్వమే తెచ్చిన జంతుహింస నివారణ చట్టం అది. అందులో 17వ సెక్షన్ ఒకసారి తీసి చదవండి. వీలైన ప్రతిచోటా జంతువుల మీద ప్రయోగం మానాలని ఉంది. కళాశాలల్లో పుస్తకాలు, నమూనాలు, చిత్రాలతో పని జరిగేటప్పుడు జంతువు జోలికి పోవద్దని ఉంది. చేతి నైపుణ్యం కోసమే అయితే వీలైనంతవరకు చేయవద్దని ఉంది. మత్తు ఇవ్వాలని, దయతో చేయాలని ఉంది. అరవై ఏళ్ళ కిందటే ఇంత చక్కగా రాసుకున్నాం.

మరి తప్పితే శిక్ష ఏమిటి? ప్రయోగాలను పర్యవేక్షించే కమిటీ ఆదేశాన్ని ధిక్కరిస్తే రెండు వందల రూపాయల దాకా జరిమానా. మామూలుగా జంతువును హింసిస్తే, మొదటి తప్పుకు పది నుంచి యాభై రూపాయలు. యాభై రూపాయలు! నిన్న చల్లారిపోతుందని ఆయన బాధపడిన భోజనం ఖరీదు అంతకంటే ఎక్కువ.

2014లో సౌందర్య సాధనాలను జంతువుల మీద పరీక్షించడం నిషేధించాం. మంచి పని. పెదవుల రంగు కోసం కుందేలు కంట్లో రసాయనం వేయకూడదని దేశం మొత్తం ఒప్పుకుంది. పెదవుల రంగుకు పనికిరాని ప్రాణం, ఎవరూ చదవని థీసిస్‌కు ఎలా పనికివచ్చింది?

అసలు నిన్న ఆయన మాట నాకు అంత గట్టిగా ఎందుకు తగిలిందో రాత్రి పడుకున్నాక అర్థమైంది. ఆ మాట నేను ముందే విన్నాను, ఇంకో నోట.

బీఫార్మసీ రెండో ఏడు. ఫార్మకాలజీ, అంటే మందులు ఒంట్లో ఎలా పనిచేస్తాయో నేర్పే సబ్జెక్టు, దాని ప్రయోగశాల. పొగ పట్టించిన కాగితం చుట్టిన డ్రమ్ము మెల్లగా తిరుగుతుంటుంది. కప్ప పొట్ట కండరాన్ని కోసి దారంతో కట్టి, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం చుక్కలు వేస్తే కండరం ముడుచుకుని మసి మీద తెల్ల గీత గీస్తుంది. ఆ గీత కోసం కప్పను ముందు పిత్ చేయాలి, అంటే తల వెనుక గుంటలోంచి సూది గుచ్చి మెదడును, వెన్నుపామును చెడగొట్టాలి. సరిగ్గా చేస్తే క్షణంలో అయిపోతుంది. నాకు ఎవరూ సరిగ్గా నేర్పలేదు. సూది పక్కకు పోయింది. కప్ప నా వేళ్ళను వెనుక కాళ్ళతో తోసింది. చిన్నపిల్లలు వద్దని చేత్తో తోస్తారే, అచ్చం అలా. నేను వదిలేశాను. అది సూదితోనే బల్ల మీద రెండు అడుగులు వేసింది.

నేను ఏడుస్తుంటే మా లెక్చరరు వచ్చి, "కప్పే కదమ్మా, ఇంకోటి తీసుకో" అన్నారు. బకెట్‌లో ఇంకా చాలా ఉన్నాయి. తీసుకున్నాను. రెండోదాన్ని కూడా సరిగ్గా చేయలేకపోయాను. నా గీత సరిగా రాలేదని, పక్క అమ్మాయి గీత చూసి రికార్డులో వేసుకోమన్నారు. వేసుకున్నాను, పదికి తొమ్మిది మార్కులు వచ్చాయి. అంటే ఆ రెండు కప్పలు అక్కర్లేదు. మొదటి నుంచీ అక్కర్లేదు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఆ లెక్చరరును నేను క్షమించలేదు, ఆయన పోయి చాలా కాలమైనా సరే.

ఇప్పుడు బీఫార్మసీలో అవన్నీ కంప్యూటర్ తెర మీదే చూపిస్తున్నారు. పుదుచ్చేరి వైద్య సంస్థ జిప్మర్‌లో తయారైన ఎక్స్‌ఫార్మ్ అనే సాఫ్ట్‌వేర్ వచ్చి ఎన్నో ఏళ్ళయింది. మీట నొక్కితే గీత వస్తుంది, ఎన్నిసార్లు తప్పు చేసినా ఎవరికీ నొప్పి లేదు. దాని మీద చదువుకున్న పిల్లలు మాకంటే ఫార్మకాలజీలో తక్కువేమీ తినలేదు. ఇది మా బకెట్ నాటికే ఎందుకు రాలేదని నేను అడగను. వచ్చాక కూడా, ఒక్క మెట్టు పైన ఎంఫార్మసీలో పాత బకెట్ బుద్ధి ఎందుకు పోలేదని అడుగుతున్నాను.

జంతు ప్రయోగాలకు అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఉంది కదా అంటారు. ఉంది. ఆ అనుమతి కోసం నింపే ఫారం-బి ఉంది. జంతువులే ఎందుకు కావాలి, ఇన్ని ఎందుకు కావాలి, నొప్పి తగ్గించడానికి ఏమి చేస్తారు అని అడిగే గళ్ళన్నీ అందులో ఉన్నాయి. రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే చెప్పారు: జంతువు బదులు వేరే దారి వెతకండి, తప్పకపోతే సంఖ్య తగ్గించండి, ఆ తగ్గించినవాటికి బాధ తగ్గించండి. ఆ గళ్ళన్నీ ఆ మూడు మాటల నుంచి పుట్టినవే. కానీ గడిలో రాసేది సీనియర్ ఫారంలో ఉన్నదే. కమిటీ మధ్యాహ్నం కూర్చుంటుంది, ఇరవై ఫారాలు, ఒక టీ, సంతకాలు. నేను కూడా కూర్చున్నాను అలాంటి బల్లల ముందు. చదవకుండా సంతకం పెట్టిన ఫారాలు నావీ ఉన్నాయి. వాటిలో ఎన్ని ఎలుకలో లెక్క నా దగ్గర లేదు, ఆ లెక్క లేకపోవడమే నన్ను రాత్రి నిద్ర పోనివ్వలేదు.

నిన్న మార్కులు వేయలేదు. ఆ పిల్లవాడిని ఒక్క కాగితం రాసి తెమ్మన్నాను. ఏ ఎలుకకు ఏ రోజు ఏమి చేశావు, ఊక ఏ తేదీన మార్చావు, ఏది ఎప్పుడు తినడం మానేసింది, చివరి రోజు మత్తు ఎంత ఇచ్చావు. థీసిస్‌లో 140 పేజీలు ఉన్నాయి, ఇవి మాత్రం లేవు. రెండో పరీక్షకుడికి కోపం వచ్చింది, విశ్వవిద్యాలయానికి ఫిర్యాదు చేస్తానన్నారు. చేయనివ్వండి. ఆ ఫిర్యాదులో "ఎలుకలే కదా" అన్న మాట కూడా రాయమనండి.

బయటికి వస్తుంటే ఆ పిల్లవాడు మెట్ల దాకా వెంట వచ్చాడు. ఏదో చెప్పాలని, చెప్పలేక నిలబడ్డాడు. చివరికి అన్నాడు: "మేడమ్, నాలుగో గుంపులో తల మీద మచ్చ ఉన్నది నేను తలుపు తీయగానే ముందుకు వచ్చేది. మిగతావి రావు. అది కూడా రాయమంటారా?"

రాయమన్నాను.