హార్ట్‌ఫర్డ్‌లో మావాడి ఇంటర్మీడియట్

మార్కండేయుడు పదహారేళ్ల దగ్గర ఆగిపోవడానికి సాక్షాత్తు శివుడే దిగి రావలసి వచ్చింది. మా మేనల్లుడు ఒక్క రాత్రిలో ముప్పై ఏళ్లవాడు కావడానికి డాలస్ దగ్గర ఉద్యోగాలిప్పించే ఒక కన్సల్టెన్సీ, ఒక వర్డ్ ఫైలు సరిపోయాయి. కలియుగాన్ని ఊరికే తిట్టిపోస్తాం గానీ పనులు ఎంత సులువయ్యాయో చూడండి.

మావాడు పుట్టింది 2002లో. 2025 డిసెంబరులో టెక్సాస్‌లో ఎం.ఎస్. పూర్తి చేశాడు. మొన్న ఆ కన్సల్టెన్సీవాళ్లు తయారుచేసిన రెజ్యూమే నాకు వాట్సాప్‌లో పంపి, "మామయ్యా, ఇంగ్లిషు తప్పులేమైనా ఉన్నాయేమో చూడు" అన్నాడు. ఇంగ్లిషు దివ్యంగా ఉంది. తప్పులేమీ లేవు. మావాడూ లేడు. అందులో ఉన్న పెద్దమనిషికి ఏడేళ్ల అనుభవం. 2018 జూన్‌లో కనెటికట్ రాష్ట్రం హార్ట్‌ఫర్డ్‌లో ఒక బీమా కంపెనీలో చేరి, లక్షల క్లెయిముల డేటాను పాత సర్వర్ల నుంచి క్లౌడ్‌లోకి తరలించి, ఆరుగురు జూనియర్లకు పని నేర్పాడట. బీటెక్ ఎప్పుడు పూర్తయిందో ఆ సంవత్సరం మాత్రం కాగితంలోంచి మాయమైంది. అంత పెద్ద తరలింపులో ఒక చిన్న అంకె జారిపోవడం సహజం.

2018 జూన్ నాకు బాగా గుర్తు. వాణ్ణి విజయవాడలో ఇంటర్ హాస్టల్లో చేర్పించిన నెల అది. ట్రంకుపెట్టె మోసింది నేనే. నెలకో ఆదివారం తప్ప గేటు దాటనివ్వని హాస్టలు, ఫోను దొరికితే ఫైను. అలాంటిచోట వార్డెను కళ్లుగప్పి, రాత్రికి రాత్రి హార్ట్‌ఫర్డ్ వెళ్లి డ్యూటీ చేసి, తెల్లారి అయిదింటి స్టడీ అవర్‌కు వచ్చి కూర్చునేవాడన్నమాట. మాకెవరికీ ఒక్కముక్క చెప్పలేదు. ఎంత వినయం! ఫస్టియర్ ఫిజిక్స్‌లో మార్కులెందుకు తగ్గాయో ఇన్నాళ్లకు అర్థమైంది. పాపం, క్లెయిముల ఒత్తిడి.

ఇప్పుడు వాడుంటున్నది కన్సల్టెన్సీ గెస్ట్‌హౌస్‌లో. రెండు బెడ్‌రూములు, తొమ్మిదిమంది కుర్రాళ్లు, గాలి పరుపులు. తొమ్మిదిమందికీ తలా ఏడేళ్లు. అంటే ఆ ఒక్క ఫ్లాట్‌లో 63 ఏళ్ల అనుభవం చాపమీద కూర్చుని మ్యాగీ తింటోంది. రోజూ సాయంత్రం కన్సల్టెన్సీ నడిపే 'అన్న' ఫోనులోకొచ్చి ఇంటర్వ్యూలకు తర్ఫీదిస్తాడు. ఒకరోజు నన్ను కూడా ఆ కాల్‌లో వినమన్నాడు మావాడు, మ్యూట్‌లో ఉండాలనే షరతు మీద.

"హార్ట్‌ఫర్డ్‌లో మీ మేనేజర్ పేరేంది తమ్ముడూ?"

"మైకేల్ అన్నా."

"నిన్న మార్క్ అన్నావ్ కదా?"

"మార్క్... మానేశాడన్నా. కోవిడ్ టైంలో."

"అదీ! అట్లా రావాలి. ఆఫీసుకు ఎట్లా పోయేటోడివి?"

"ఆటోలో అన్నా."

ఫోను కాసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత అన్న ఏమన్నాడో ఇక్కడ అచ్చువేయలేను.

"సరే, అక్కడ చలికాలం మంచు ఎట్లా ఉంటది?"

"తెల్లగా ఉంటుందన్నా."

"గడ్డం పెంచు తమ్ముడూ. వీడియోలో మొహం మరీ పిల్లగాడి లెక్కుంది."

"ఇంకా సరిగ్గా రావట్లేదన్నా."

చెబుతూ చెబుతూ మైకేల్ మావాడికి బాగా దగ్గరయ్యాడు. "మంచోడు మామయ్యా, సెలవడిగితే కాదనేవాడు కాదు" అన్నాడు ఓ రోజు ఏదో ధ్యాసలో. మా అక్క అయితే "ఎవరైనా వచ్చేటప్పుడు ఆయనకో కిలో సున్నుండలు పంపిద్దామా?" అని అడిగింది. ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇంతకీ మావాడికి ఏ పని ఇష్టం? 2021 ఫిబ్రవరి మంచు తుపానుకు టెక్సాస్ కరెంటు గ్రిడ్ చతికిలబడి లక్షల ఇళ్లు రోజుల తరబడి చలిలో, చీకట్లో ఉండిపోయాయి. వీడు దాని గురించి చదివి, రేపటి లోడ్ ఎంతుంటుందో ముందే అంచనా వేయడం మీద ప్రాజెక్టు చేశాడు. రాత్రి రెండింటికి ఫోన్‌చేసి గ్రాఫులు చూపించేవాడు. నాకేమీ అర్థమయ్యేది కాదు, వాడి మొహం మాత్రం వెలిగిపోయేది. అన్నకు చెబితే "గ్రిడ్డా? దానికి మార్కెట్ లేదు తమ్ముడూ. జావా, డెవాప్స్, డేటా ఇంజినీరింగ్" అని హోటల్లో సర్వర్ టిఫిన్లు చదివినట్టు చదివాడట. వీడు డేటా అన్నాడు. చివర వినబడింది అదే కాబట్టి. కెరీర్ అంటే అలా తేలింది.

ఈ కన్సల్టెన్సీల గణితం ఈనాటిది కాదు. 2023 మార్చిలో అమెరికాలో ఉద్యోగం చేయనిచ్చే హెచ్-1బీ వీసా లాటరీకి 7,80,884 రిజిస్ట్రేషన్లు పడితే, అందులో నాలుగు లక్షలకు పైగా ఒకే మనిషి పేరుతో ఒకటికన్నా ఎక్కువసార్లు పడ్డవే. మరుసటేడు మనిషికి ఒక్క ఛాన్సే అనగానే మొత్తం 4,79,953కి దిగింది. ఒక్కడు పదిమంది కాగలిగినచోట ఇరవై మూడు ముప్పై కావడం ఓ లెక్కా? అసలు తమాషా ముందుంది. చదువయ్యాక ఏడాదిపాటు అక్కడ పనిచేసుకోనిచ్చే అనుమతిని ఓపీటీ అంటారు. ఏడాది పోయాక దానికి పొడిగింపు కావాలంటే ఐ-983 అనే ఫారం నింపాలి. ఈ ట్రైనీకి కంపెనీ ఏమేం నేర్పుతుందో అందులో రాయాలి. ఆరుగురికి నేర్పిన హార్ట్‌ఫర్డ్ మేధావి అప్పుడు ఓనమాలు దిద్దుతాడు.

ఓపీటీ మొదలయ్యాక మొత్తంమీద 90 రోజులకు మించి ఖాళీగా ఉంటే వీసా హోదా పోతుంది. అన్న వ్యాపారమంతా ఆ తొంభై రోజుల భయం మీదే. తన చదువుకు సంబంధించిన పని, కార్మిక చట్టాలు మీరకుండా, జీతం లేకుండానైనా సరే వారానికి 20 గంటలు చేస్తే మొదటి ఏడాదిలో ఆ లెక్క ఆగుతుంది. వీడి ప్రొఫెసర్ ల్యాబులోనే చేసుకోవచ్చునేమో, అడగాలి కదా. అన్న ఈ మాట చెప్పాడా? ఎందుకు చెబుతాడు, ఇందులో పర్సంటేజీ ఏముంది? పని ఇచ్చిన కంపెనీకి గంటకు అరవై డాలర్లు బిల్లు కొట్టి ముప్పై అయిదు కుర్రాడి చేతిలో పెడతాడు. పట్టుబడితే రెజ్యూమే మీదున్నది ఎవడి పేరు? నీ పేరా? నీకు గ్రీన్ కార్డుంది, ఈత కొలనున్న ఇల్లుంది. వీడికున్నది బ్యాంకులో తాకట్టులో ఉన్న వాళ్ల నాన్న ఇల్లు. రేపు ఇవే దొంగ ఏళ్లు వీసా కాగితాల్లోకి ఎక్కి అబద్ధమని తేలితే, జీవితాంతం ఆ గుమ్మం మూసుకుపోవచ్చు. ఇరవై మూడేళ్లవాడికి జీవితాంతమంటే ఎన్నేళ్లో ఎప్పుడైనా లెక్కేశావురా, దొంగ వెధవా? నిజంగా ఏడేళ్లు కష్టపడి పనిచేసిన పిల్లల్ని కూడా మన ఊరి పేరు చూసి అనుమానించే రోజు తెచ్చిపెట్టావు.

అక్కతో అంటే, "అందరూ పెట్టేదేగా తమ్ముడూ" అంది. ఇల్లు తాకట్టులో ఉన్న మనిషి ఇంకేమంటుంది? ఆ మాటకొస్తే అన్న నంబరు వాడికిచ్చింది నేనే. ఆఫీసులో ఎవరో ఇస్తే, మంచిదే కదా అని ఫార్వర్డ్ చేశాను.

నిన్న వాడికి 61వ రోజు. ప్రొఫెసర్‌కు మెయిల్ రాయమన్నాను. రాశాడు, జవాబింకా రాలేదు. అన్న మాత్రం రాత్రికే ఫోన్‌చేశాడట, మార్కెట్ టైట్‌గా ఉంది, ఏడు చాలదు, ఎనిమిది చేద్దామని. ఎనిమిదంటే 2017 జూన్, పదో తరగతి మొదలైన నెల. అప్పుడే వాడికి ఆటలమ్మ పోసి ఇరవై రోజులు వేపాకుల మధ్య పడుకున్నాడు. ఆ ఇరవై రోజులు మైకేల్ ఇచ్చిన సెలవు కింద చూపించాలో, ఇంటి నుంచి పని కింద చూపించాలో అన్ననే అడగాలి.