సాయంత్రం క్లాసులతో సంఘానికి ముప్పు

బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘాల మేలు కోరేవాడిగా ఒక ప్రమాదం గురించి ముందే హెచ్చరించడం నా బాధ్యత. మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు కొన్ని చోట్ల మామూలు విశ్వాసులకు సాయంత్రం పూట థియాలజీ, అంటే దైవశాస్త్రం, నేర్పుతున్నారు. అంటే సాఫ్ట్‌వేర్ వాళ్లకి, నర్సులకి, పీజీ నడిపే నెల్లూరు ఆంటీలకి. వీళ్లంతా ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటన్నర నలిగి, ముఖమైనా కడుక్కోకుండా వచ్చి కూర్చుంటున్నారు. అంత ట్రాఫిక్ తర్వాత కూడా మనిషికి ప్రశ్నలు పుడుతున్నాయంటే పరిస్థితి చెయ్యి దాటుతున్నట్టే.

ఇన్నాళ్లూ ఏ గొడవా లేదు. పాస్టర్ గారు చెప్పేవారు, మనం ఆమేన్ అనేవాళ్లం. పక్కవాళ్లకి చెప్పమంటే పక్కవాళ్లకి చెప్పేవాళ్లం. అటు పక్కవాళ్లూ అదే మాట మనకి చెప్పేవాళ్లు. ఇంతకు మించిన వేదాంత చర్చ ఎవరికి కావాలి?

క్లాసులు మొదలయ్యాక ముందు దెబ్బ తిన్నది వాగ్దానం కార్డు, అంటే కొత్త సంవత్సరానికి ఒక్కొక్కరికీ ఒక బైబిలు వచనం వచ్చే చీటీ. డిసెంబర్ 31 అర్ధరాత్రి ఆరాధనలో ఒక తమ్ముడికి యిర్మీయా 29:11 వచ్చింది. దేవుడు మనకోసం తలపెట్టినవి మేలే గాని కీడు కావు అనే మాట. మామూలుగా అయితే ఆ కార్డుని హెచ్1బి కాగితాలతో కలిపి దాచుకోవాలి. ఈ తమ్ముడు ఆ అధ్యాయమంతా చదివాడు. అది బబులోనుకి చెరపట్టి తీసుకుపోయినవాళ్లకి రాసిన ఉత్తరమట. పై వచనంలోనే 70 ఏళ్లు ఆగాలని ఉందట. అంతకు ముందు, ఉన్నచోటే ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటుకోండి, ఆ ఊరి క్షేమం కోరండి అని ఉందట. ఇప్పుడు వీసా గురించి ప్రార్థించమని అడగడం మానేసి, బెంగళూరు నీళ్ల కొరత గురించి ప్రార్థిద్దామంటున్నాడు. వీసా వచ్చిందని సంఘం ముందు చెప్పించాల్సిన సాక్ష్యం చేజారిపోయింది.

తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడనే త్రిత్వం సంగతీ అంతే. నీళ్లు, మంచు, ఆవిరి అని సండే స్కూల్లో ఎంత తేలిగ్గా తేల్చేసేవాళ్లం! అలా చెప్తే ఒకే దేవుడు మూడు రూపాల్లో కనిపిస్తాడనే సబెల్లియస్ బోధ అవుతుందనీ, దాన్ని సంఘం 3వ శతాబ్దంలోనే తప్పు పట్టిందనీ ఒక నర్సమ్మ నైట్ డ్యూటీకి వెళ్తూ వెళ్తూ చెప్పి పోయింది. ఆ రాత్రి నిద్ర పట్టనిది పేషెంట్లకి కాదు.

ఇవన్నీ ఓర్చుకోవచ్చు. అసలు ప్రమాదం మలాకీ దగ్గర ఉంది. ఆ గ్రంథంలో మనకి కావలసింది 3వ అధ్యాయం 10వ వచనం ఒక్కటే: రాబడిలో పదియవ భాగం మందిరపు నిధికి తెస్తే దీవెనలకి ఆకాశపు వాకిళ్లు తెరుచుకుంటాయనేది. తెలుగు సంఘాల్లో అది బైబిలు చదవనివాళ్లకి కూడా కంఠతా వచ్చు. సాయంత్రం క్లాసులో మాత్రం మొదటి అధ్యాయం నుంచి మొదలుపెట్టారు. అక్కడ దేవుడు కోప్పడేది జనం మీద కాదు, గుడ్డి పశువుల్నీ కుంటి పశువుల్నీ బలిపీఠం మీద పెడుతున్న యాజకుల మీద, అంటే మందిరంలో బలులు అర్పించే పూజారుల మీద. రెండో అధ్యాయం కూడా యాజకులారా అనే మొదలవుతుంది. ఇది చదివిన రిటైర్డ్ లెక్కల మాస్టారు ఒకరు అక్కడితో ఆగకుండా అపొస్తలుడు పౌలు రాసిన ఉత్తరం 2 కొరింథీ 8 తిరగేశారు. చందా సొమ్ము విషయంలో తన మీద ఎవరూ వేలెత్తి చూపకూడదని పౌలు వేరే సహోదరుల్ని కూడా తోడు పంపాడని కనిపెట్టారు. మరుసటి ఆదివారం బిల్డింగ్ ఫండ్ లెక్క అడిగారు. చాలా వినయంగా అడిగారు, అదే ఇంకా బాధ. అన్నం తినడానికి పిలిస్తే వంటింట్లోకి వచ్చి గిన్నెల మూతలు తీసి చూసే చుట్టాన్ని ఏమంటాం?

ఈ తెగులు ఎక్కడిదో చూద్దాం. మన ఊళ్లో 1910 నుంచి యునైటెడ్ థియలాజికల్ కాలేజీ ఉంది. గ్రీకు, హెబ్రీ అన్నీ కాంపౌండు గోడ లోపల, చదువుకోవలసినవాళ్లే చదువుకున్నారు. ఎవరికీ ఇబ్బంది లేదు. 1963లో గ్వాటెమాలాలో పాస్టర్లని తయారుచేసే ఒక సెమినరీకి బుద్ధి వక్రించింది. ఇల్లూ పొలమూ వదిలి రాలేని సంఘ నాయకుల దగ్గరికి చదువునే పంపింది: ఇంట్లో పుస్తకం, వారానికోసారి గురువుతో కూర్చోవడం. ఆ పద్ధతి 1970ల నాటికి బెంగళూరు చేరి, టాఫ్టీ అనే సంస్థ పేరుతో దేశమంతా పాకింది. అప్పుడే గోడ ఎత్తు పెంచి ఉండాల్సింది.

నిజానికి ఇందులో పౌలు తప్పు కూడా కొంత ఉంది. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లు రోజూ క్లాసులు పెట్టినవాడు ఆయనే. పౌలు చెప్పింది నిజమో కాదో అని బెరయ ఊరివాళ్లు రోజూ లేఖనాలు తిరగేస్తే, వాళ్లని మందలించాల్సింది పోయి బైబిల్లో ఘనులని మెచ్చుకున్నారు. ఆదర్శ విద్యార్థి ఎవరంటే నేను ఐతుకు పేరు చెప్తాను. త్రోయ ఊళ్లో పౌలు రాత్రి క్లాసు, కిటికీలో సీటు, మంచి నిద్ర, ఒక్క ప్రశ్న లేదు. మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడన్నది నిజమే. అందుకే మనవాళ్లు గ్రౌండ్ ఫ్లోర్‌లో హాలు అద్దెకి తీసుకోవాలి.

క్లాసుల్ని ఎలాగూ ఆపలేం గనక నాదొక మనవి. పోస్టర్ల మీద పేరుకి ముందు డాక్టర్ అని ఉన్న దైవజనులు మనకి బోలెడుమంది. వాళ్లలో కొందరికి ఆ పట్టా ఒక్క మధ్యాహ్నంలో, శాలువాతో పాటు వచ్చింది. ఆ సౌకర్యం విశ్వాసులందరికీ కల్పిద్దాం. సభ్యత్వం తీసుకున్న రోజే గౌరవ డాక్టరేటు, గౌను, టోపీ, గ్రూప్ ఫోటో. డాక్టరేటు వచ్చాక ఎవరు మళ్లీ చదువుతారు? ఖర్చు బిల్డింగ్ ఫండ్ నుంచి తీయొచ్చు. గౌన్ల అద్దె రసీదు మాత్రం లెక్కల మాస్టారి కంట పడకుండా చూసుకోవాలి.