ఆ ఫొటోల్లో ఉన్నది సిండీ షెర్మన్ కాదు

అమెరికన్ ఫొటోగ్రాఫర్ సిండీ షెర్మన్ తొలినాటి ఫొటోలు ప్రదర్శనకు వచ్చినప్పుడల్లా ఒక మాట చేతులు మారుతూ తిరుగుతుంది: "ఫోన్లు లేని రోజుల్లోనే సెల్ఫీలు కనిపెట్టిన మహిళ. తన మీద తనకున్న మోజుతో, పాత సినిమాల సీన్లను అనుకరిస్తూ తన ఫొటోలే తీసుకుంది. ఆడవాళ్లను బేలలుగా చూపించి పేరు తెచ్చుకుంది." పొగడ్తలా మొదలై నిందలో తేలే ఈ మాటలో ఒక్క ముక్కా నిలవదు.

ముందు సెల్ఫీ సంగతి. సెల్ఫీ తీసుకునేవారు చెప్పేది "ఇదిగో, ఇది నేను" అని. 1977 నుంచి 1980 వరకు షెర్మన్ తీసిన 'అన్‌టైటిల్డ్ ఫిల్మ్ స్టిల్స్'లో దాదాపు 70 నలుపు తెలుపు ఫొటోలున్నాయి. అన్నిటిలోనూ రకరకాల ఆడవాళ్ల వేషం కట్టింది షెర్మనే. వాటికి పేర్లు లేవు, అంకెలే. 48వ ఫొటోలో మసక వెలుగులో రోడ్డు పక్కన పెట్టె పెట్టుకుని నిలబడ్డ అమ్మాయి వీపు మనవైపు ఉంటుంది. ముఖమే కనబడదు. ముఖం చూపించని సెల్ఫీ ఏం సెల్ఫీ? పైగా కొన్ని ఫొటోలకు మీట నొక్కింది ఆమె కాదు, ఆమెకు దగ్గరివాళ్లు. ఒక్క ఫొటోను విడిగా ఫోనులో చూస్తే పొరపాటు పడటం సహజమే. అదే గోడ మీద వరుసగా చూస్తే, నాలుగో ఫొటోకో అయిదో ఫొటోకో "ఇందులో అసలు షెర్మన్ ఎవరు?" అన్న ప్రశ్న మొదలవుతుంది, చివరిదాకా జవాబు దొరకదు. న్యూయార్క్‌లోని ఆధునిక కళల మ్యూజియం మోమా 1995లో మొత్తం వరుసను కలిపి కొనడంలోని విలువ నాకు అక్కడే కనిపిస్తుంది.

మోజు అన్నవారు 1976 నాటి 'బస్ రైడర్స్' చూడాలి. అమెరికాలోని బఫెలో నగరంలో ఆమె చదువు ముగిసిన ఏడాది అది. బస్సులో కనిపించే రకరకాల మనుషులుగా, ఆడా మగా తేడా లేకుండా ఆమె వేషాలు కట్టింది. నేల మీద అంటించిన టేపు గుర్తులు, కెమెరా మీటకు కలిపిన తీగ ఫొటోలో అలాగే ఉంటాయి. వేషం అని తెలియాలనే వాటిని దాచలేదు. అందంగా కనిపించాలన్న తపన ఉన్న మనిషి చేసే పని కాదిది. ఆమెను నిలదీయాల్సిన విషయం ఇందులో వేరే ఉంది: నల్లజాతి ప్రయాణికుల వేషాలకు ఆమె ముఖానికి నల్లరంగు పూసుకుంది; నల్లవారిని అవమానించే పని అది. ఆ విమర్శ న్యాయమైనది, దాన్ని నేను కాదనను.

సినిమా సీన్ల అనుకరణ అన్నదీ తప్పే. ఆ స్టిల్స్‌కు మూలమైన సినిమా ఒక్కటి కూడా లేదు. అయినా 21వ ఫొటోలో, ఆకాశహర్మ్యాల నడుమ టోపీ పెట్టుకుని పక్కకు చూస్తున్న ఆ అమ్మాయిని చూసి "ఈ సినిమా చూశాను" అనిపిస్తుంది. చవకబారు ప్రచార స్టిల్స్‌లా ఉండాలని షెర్మన్ మొదటి ఫొటోల ఫిల్మ్‌ను కావాలనే వేడెక్కిన రసాయనంలో కడిగి గరుకుగా చేసింది. లేని సినిమా మనకు గుర్తుకొస్తోందంటే, "ఆడపిల్ల అంటే ఇలా ఉంటుంది" అన్న అచ్చు మన తలలో ముందే పడి ఉందన్నమాట.

ఇక బేలతనం. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ మాటే. 10వ ఫొటో తీసుకోండి. వంటగదిలో సరుకుల సంచి చిరిగి, సామాను నేలమీద పడింది. అమ్మాయి కింద కూర్చుని గుడ్ల అట్టపెట్టె దగ్గర చెయ్యి పెట్టి, తల పైకెత్తి ఫ్రేముకు అవతలికి చూస్తోంది. ఆమె ఏడవడం లేదు, ఎవరినీ బతిమాలడం లేదు. అక్కడ ఎవరో నిలబడి ఉన్నారని, బహుశా మగవాడని, ఆమె భయపడుతోందని మనమే అనుకుంటాం. ఆ ఫొటోలో ఉన్నది ఒక మనిషే. రెండోవాణ్ణి తెచ్చి నిలబెట్టింది చూసే మనం.