37 వస్తువులూ రెండు లుంగీలూ

నెల్లూరులో మా ఫ్లాట్లో పసిబిడ్డ కోసం గది సిద్ధమైంది. గోడ మీద మేఘాలు, కిటికీకి ఏనుగుల పరదా, మూలన తెల్లటి చెక్క తొట్టి. లోటు ఒక్కటే, అందులో ఉండడానికి బిడ్డ రాదు. తొలి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి సీమంతం కాగానే మా ఆవిడ సింగరాయకొండ వెళ్ళింది. ఐదో నెల వచ్చాక గానీ తల్లీబిడ్డా నెల్లూరు రారు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. కానీ బాధ్యత గల తండ్రి ఆచారాలు చూసి ఆగడు, ఆఫర్లు చూసి కదులుతాడు.

'ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం' అని మా బావమరిది ఎత్తిపొడిచాడు. నాకు ఆలూ ఉంది, చూలూ ఉంది, పేరే ఇంకా పెట్టలేదు. కాబట్టి ఆ సామెత నాకు చెల్లదు.

మొత్తం 37 వస్తువులు కొన్నాను. వాటిలో నాకు గర్వంగా ఉన్నది వైప్ వార్మర్. తడి తుడుపు కాగితాలను వెచ్చగా ఉంచే కరెంటు డబ్బా అది. కాన్పు తేదీ సరిగ్గా రోహిణి కార్తెలో పడింది. రోళ్ళు పగిలే ఎండలో నెల్లూరు కుళాయి నీళ్ళే కాలుతుంటాయి. అయినా మా బిడ్డకు చల్లటి కాగితం తగలకూడదు.

తొట్టి పైన తిరిగే బొమ్మలు మూడడుగుల ఎత్తున కట్టాను. పురిటి బిడ్డకు అడుగు దూరం దాటితే అంతా మసకేనని తర్వాత తెలిసింది. ప్రస్తుతం వాటిని నేను చూస్తున్నాను. పాలసీసాలకు ప్రకటనలు ఇవ్వకూడదని మన దేశంలో 1992లోనే చట్టం వచ్చింది, ఆరు నెలల దాకా తల్లిపాలే చాలని డాక్టరమ్మ కూడా చెప్పింది. షాపువాడు పాపం నోరు మెదపలేదు. ఆరు సీసాలు, వాటిని ఉడకబెట్టే యంత్రం నేనే అడిగి కొన్నాను.

కారు సీటు దగ్గర మాత్రం వాడు నోరు విప్పాడు. 14 ఏళ్ళలోపు పిల్లలకు బెల్టో సీటో లేకపోతే వెయ్యి రూపాయలు ఫైన్ సార్, 2019 చట్టం అన్నాడు. వెయ్యి మిగుల్చుకోవడానికి తొమ్మిది వేలు పెట్టాను. మాకు కారు లేదు, స్కూటీ ఉంది. నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకుంటే బండి 40 కిలోమీటర్ల వేగం దాటకూడదనీ రూలుంది. సాయంత్రం పూట ట్రంకు రోడ్డులో దాన్ని ఎవరు ఉల్లంఘించగలరో నాకు చూపించండి.

బిడ్డను కూర్చోబెట్టి తోసుకెళ్ళే స్ట్రోలర్ను రైల్లో సింగరాయకొండ తీసుకెళ్ళాను. మా ఆవిడ అమ్మమ్మ దాని చుట్టూ ఒకసారి తిరిగి, చక్రం నొక్కి చూసి, "ఏంది నాయనా ఇది? మన ఇసకలో దిగబడిపోద్ది" అంది. బిడ్డ పుట్టకముందే ఏమీ కొనకూడదని పెద్దావిడ పట్టింపు, అందుకే దాన్ని గడప లోపలికి రానివ్వలేదు. అదే రైల్లో నాతోపాటు తిరిగొచ్చింది.

పోయిన రొట్టెల పండక్కి స్వర్ణాల చెరువులో మా ఆవిడ సంతాన రొట్టె అందుకుంది. కోరిక తీరితే మళ్ళీ పండక్కి మనం ఇంకొకరికి రొట్టె ఇవ్వాలి. దాంతోపాటు సీసాలు ఉడకబెట్టే యంత్రం కూడా చేతిలో పెడితే బాగుంటుందా అని ఆలోచిస్తున్నాను.

నిన్న రాత్రి మా ఆవిడ ఫోన్ చేసింది. ఇంకేమన్నా కావాలా అని ఉత్సాహంగా అడిగాను. "నీ పాత లుంగీలు రెండు పంపించు. బాగా నలిగినవి, మెత్తటివి. పొత్తిగుడ్డలకి కావాలి" అంది. నా జాబితా పై నుంచి కింది దాకా వెతికాను. లుంగీ ఎక్కడా లేదు. ఉన్న రెండు పాతవాటిలో ఒకటి నా ఒంటి మీదే ఉంది.

ఈ ఉదయం వాటిని ఉతికి ఆరేసి, కింద గేటు దగ్గర దింపిన వాటర్ క్యాన్ తెచ్చుకోవడానికి వెళ్ళాను, స్ట్రోలర్ తీసుకుని. 15 కిలోల వరకేనని దాని మీద రాసి ఉంది. క్యాన్ 20 లీటర్లు. బెల్టు పెట్టి నెమ్మదిగా తోసుకొచ్చాను.