ఆ బాతు ఏం తినేది?

ఈ వారంలో నాలుగోసారి ఎవరో నాకు అదే పోస్టర్ ఫార్వర్డ్ చేశారు. ఒక బాతు, దాని పక్కన బంగారు గుడ్ల గుట్ట, పైకి పోతున్న బాణం గుర్తు, కింద "90 రోజుల్లో మీ వ్యాపారం పది రెట్లు". ఈ బొమ్మ వేసినవాడు చిన్నప్పుడు ఆ కథ చివరిదాకా విన్నాడా, మధ్యలోనే నిద్రపోయాడా అని నా డౌటు. ఆ కథలో బాతు చచ్చిపోతుంది బాబూ!

అమ్మ నాకు ఈ కథ చెప్పినప్పుడు నాకు ఆరేడేళ్లు. రోజుకో బంగారు గుడ్డు, రైతుకి ఆశ, కత్తి, లోపల చూస్తే ఏమీ లేదు. "చూశావా, అత్యాశకి పోతే అంతే" అని అమ్మ దుప్పటి కప్పేసింది. నేను మాత్రం "అమ్మా, మరి ఆ బాతుకి ఏం తినిపించేవాడు?" అని అడిగాను. "అన్నీ కావాలి నీకు, పడుకో" అంది.

పద్నాలుగేళ్లు వ్యాపారం చేశాక అనిపిస్తోంది, అడగాల్సింది అదేనని. (కాస్త సొంత డబ్బా, భరించండి.) గ్రోత్ గురించి మాట్లాడే ప్రతివాడూ గుడ్లు లెక్కపెడతాడు. మేత ఖర్చు ఎంత, ఎవరు పెడుతున్నారు, అసలు మన దొడ్లో బాతు ఏది? ఈ మాట ఎత్తితే "నెగెటివ్‌గా ఆలోచించకండి సార్" అంటారు.

మాది దుకాణాలకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ అమ్మే చిన్న కంపెనీ. మా బాతు మా సాఫ్ట్‌వేరే అని చాలా ఏళ్లు గట్టిగా నమ్మాను. ఆఫీసులో కస్టమర్ల ఫోన్లు తీసే అమ్మాయి ఒకరు ఉండేది. దుకాణంలో జనం నిలబడి ఉండగా బిల్లు రాకపోతే ఆ యజమాని ఎలా అరుస్తాడో మీకు తెలుసు కదా. ఆ తిట్లన్నీ విని, అతను ఊపిరి తీసుకునేదాకా ఆగి, "ఒకసారి ప్రింటర్ వైరు చూస్తారా అండీ" అనేది. అలా చల్లబడినవాళ్లే తమకు తెలిసిన నలుగురికి మా పేరు చెప్పేవాళ్లు. ఇది ఏ రిపోర్టులోనూ కనపడదు. కొత్త కస్టమర్లందరినీ నేను సేల్స్ వాళ్ల ఖాతాలో రాసుకునేవాణ్ణి.

ఇంత బాగా మాట్లాడే మనిషిని ఫోన్ల దగ్గర వృథా చేస్తున్నాం అనిపించింది. సేల్స్‌లోకి మార్చాను, జీతం పెంచాను, నెలకింత అని టార్గెట్ పెట్టాను. ఫోన్ల పని బయటివాళ్లకి అప్పజెప్పాను. మొదటి మూడు నెలలు అంకెలు అదిరిపోయాయి, అందరికీ పార్టీ కూడా ఇచ్చాను. ఎనిమిదో నెల నుంచి రెన్యువల్స్ తగ్గడం మొదలైంది. పదో నెలలో ఆమె రాజీనామా చేసింది. నేను కత్తి పట్టుకున్నట్టు నాకు ఒక్క క్షణం కూడా అనిపించలేదు, ప్రమోషన్ ఇస్తున్నాననే అనుకున్నాను.

పెద్దవాళ్లు కూడా ఇలాగే చేస్తారు, కాకపోతే ఇంకా మెల్లగా. అమెరికాలో ష్లిట్జ్ అనే బీరు కంపెనీ ఉండేది. 1970ల మొదట్లో ఆ దేశంలో రెండో స్థానం దానిది. ఖర్చు తగ్గించి ఉత్పత్తి పెంచాలని బీరు పులియబెట్టే సమయాన్ని కుదించారు, చవక దినుసులు కలిపారు. లాభాలు బాగానే కనిపించాయి. తాగేవాళ్లు మాత్రం రుచి తేడా పట్టేశారు. 1982 నాటికి కంపెనీని స్ట్రో అనే మరో బీరు కంపెనీ కొనేసింది. కడుపు ఒక్కసారిగా కోసే రైతు కథల్లోనే ఉంటాడు. బయట జరిగేది రోజూ గుప్పెడు మేత తగ్గించడమే, అందుకే చాలాకాలం ఎవరికీ తెలియదు.

మేత అంటే మనుషులే కాదు, చేతిలో ఉండే నగదు కూడా. ఇది ఎన్నిసార్లు చెప్పినా కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నమ్మరు. సరుకు ఇచ్చిన 60 రోజులకి మీకు డబ్బు వస్తుందనుకోండి. అంటే ఎప్పుడు చూసినా రెండు నెలల అమ్మకం బయటే ఉంటుంది. అమ్మకం రెట్టింపైతే బయట చిక్కుకున్న డబ్బూ రెట్టింపవుతుంది. జీతాలు, ముడిసరుకు మాత్రం ఇవాళే కట్టాలి. పుస్తకాల్లో లాభం, బ్యాంకు ఖాతాలో సున్నా. ఆర్డర్లు లేక మూతపడే కంపెనీలు ఉంటాయని అందరికీ తెలుసు. ఆర్డర్లు ఎక్కువై మూతపడేవీ ఉంటాయంటే నవ్వుతారు. నేనూ నవ్వాను, ఒకసారి జీతాల తేదీ దాటిపోయేదాకా. ఆ వారం టెన్షన్ గురించి ఇక్కడ రాయను.

మొన్న ఈ కథే మా అమ్మాయికి చెప్పాను. అంతా విని, "అన్నీ బంగారు గుడ్లే అయితే పిల్లలెలా పుడతాయి నాన్నా?" అంది. నాకిన్నేళ్లలో తట్టలేదు! మేత బాగా పెట్టినా, ముట్టుకోకుండా కాపాడుకున్నా, ఆ బాతు ముసలిదవుతుంది. అప్పుడు ఆ రైతేం చేస్తాడు?

కెమెరా రీళ్లు, అంటే ఫిల్మ్ అమ్మే కొడాక్‌కి జరిగింది ఇదే. 1975లోనే డిజిటల్ కెమెరా నమూనా తయారుచేసింది వాళ్ల ఇంజనీరు స్టీవ్ సాసన్. దాన్ని తొక్కిపెట్టేశారు కాబట్టే మునిగారని అందరూ తేలిగ్గా చెప్పేస్తారు కానీ, 2000ల మధ్యలో అమెరికాలో డిజిటల్ కెమెరాల అమ్మకాల్లో కొడాక్ ముందు వరుసలోనే ఉంది. ఇబ్బంది ఏంటంటే కెమెరాల్లో మిగిలేది తక్కువ, ఫిల్మ్‌లో మిగిలినంత ఇంకెందులోనూ మిగల్లేదు. 2012 జనవరిలో అప్పులవాళ్ల నుంచి కాపాడమని కోర్టులో దివాలా రక్షణ కోరింది. ఫ్యూజీఫిల్మ్‌ది కూడా అదే ఫిల్మ్ వ్యాపారం, అదే దెబ్బ. కానీ ఫిల్మ్ తయారీలో వాడే కొల్లాజెన్ అనే ప్రోటీన్ గురించి తమకున్న జ్ఞానాన్ని చర్మానికి రాసుకునే క్రీముల్లోకి, పలచటి పొరలు పోసే నైపుణ్యాన్ని ఎల్‌సీడీ తెరల్లోకి తీసుకెళ్లింది. ఫిల్మ్ డబ్బు ఇంకా వస్తున్న రోజుల్లోనే కొంత పక్కకి తీసి వీటిమీద పెట్టింది. ఆ కొంత పక్కకి తీయడమే చేతకాదు మనకి. ప్రతి గుడ్డూ అమ్మేసుకుంటాం, పైగా దానికి గ్రోత్ అని పేరు పెట్టుకుంటాం.

ఇప్పుడు మా ఆఫీసులో ఫోన్లు మళ్లీ మేమే తీస్తున్నాం. వారంలో ఒక రోజు నేనూ తీస్తాను, తిట్లు కూడా తింటాను. ఎంతమంది కొత్తగా వచ్చారన్న లెక్క కంటే ముందు, ఎవరు చెప్తే వచ్చారన్నది రాయిస్తున్నాను. పోయిన కస్టమర్లలో కొందరు తిరిగొచ్చారు, చాలామంది రాలేదు.

ఆ అమ్మాయికి కూడా ఫోన్ చేశాను. పాత పనే, టార్గెట్ ఉండదు, జీతం సేల్స్‌లో ఇచ్చినదానికంటే ఎక్కువే అన్నాను. అంతా ఓపిగ్గా విని, నేను ఊపిరి తీసుకునేదాకా ఆగి, "ఇక్కడ బాగానే ఉంది సార్" అంది.